ముప్ఫై ఏడో సీటు కోసం చదరంగం

మనిషి తెలివిని అతను కూర్చున్న కుర్చీని బట్టి కొలిచే వయసొకటి ఉంటుంది. నాకా వయసు ముఖర్జీ నగర్‌లో గడిచింది. దేశ రాజధానిలో సివిల్స్ రాసేవాళ్ల పేట అది. అక్కడ కొత్తగా పరిచయమైన వాళ్లెవరూ ముందు ఊరూ పేరూ అడగరు. "ఎన్నో అటెంప్టు?" అంటారు, ఆ వెంటనే "ఏ లైబ్రరీ, ఏ సీటు?" అంటారు. (లైబ్రరీ అనగానే పుస్తకాలుంటాయనుకునేరు. ఒక్కటీ ఉండదు. చెక్క పలకలతో విడగొట్టిన బల్లలు, బల్లకో దీపం, ఒక ప్లగ్గు, గోడ మీద నిశ్శబ్దం పాటించమని ఒక బోర్డు. పుస్తకాలు మనమే మోసుకుపోవాలి, నిశ్శబ్దం వాళ్లిస్తారు, అదీ దొరికితే.) గుంటూరు జిల్లా నుంచి డిగ్రీ పట్టా, రెండు జతల బట్టలు, బోలెడంత ఆత్మవిశ్వాసం పట్టుకుని దిగిన నేను మూడేళ్లలో మూడు అటెంప్టులు, ఆరు సీట్లు మార్చి చివరికి ముప్ఫై ఏడో నంబరు సీటుకి చేరాను. ఆ చేరడమే ఒక ర్యాంకులాగా చెప్పుకునేవాణ్ణి.

ముప్ఫై ఏడంటే మామూలు సీటు కాదు. కిటికీ పక్కన ఉంటుంది. ఏసీ గాలి నెత్తి మీద పడదు, కానీ చల్లదనం తెలుస్తుంది. ప్లగ్గులో పిన్ను పెడితే ఊడిపడదు. తలుపుకి దూరం, బాత్రూముకి ఇంకా దూరం. ఒకే ఒక్క లోటు, అది సగం సీటు. అంటే పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా నాది, మూడు నుంచి రాత్రి పది దాకా ఇంకెవరిదో. ఆ ఇంకెవరినో నేనెప్పుడూ చూడలేదు. నేను లేచేసరికి వాళ్లు రారు, వాళ్లు వచ్చేసరికి నేను రూములో రాజ్మా చావల్ తిని బోర్లా పడుకుని ఉంటాను.

ఒక రోజు పొద్దున్న వెళ్లేసరికి దీపం కింద మడతపెట్టిన చీటీ కనిపించింది. గుండ్రటి అక్షరాలతో అచ్చ తెలుగు. "వందనాలు బ్రదర్. మీరు వదిలేసిన చిత్తు కాగితం చూసి తెలుగువారని తెలిసిందండి, ఏమనుకోకండి. వేరుశనగ పొట్టు దీపం కింద దాచకండి, చీమలొస్తున్నాయి. ఇంకోటండి, ఆ కాగితం మీద మీరు గీసిన చదరంగం బొమ్మలో నల్ల గుర్రం కదిపితే ఆట అయిపోద్ది కదండీ? ఊరికే అడిగాను. ఇట్లు, సాయంత్రం సీటు సిస్టర్."

చీమల సంగతి సరే. ఆ బొమ్మ నేను రెండు రోజులుగా పంచాయతీరాజ్ చదవడం మానేసి బుర్ర బద్దలు కొట్టుకుంటున్న ఎత్తు. దానికి జవాబు లేదని తేల్చేశాను కూడా. గుర్రం కదిపి చూశాను. ఆట అయిపోయింది. వెంటనే నాకు అర్థమైందేమిటంటే, ఆవిడకి అది గాలివాటంగా తగిలిందని! (అప్పట్లో నాకు అన్నీ ఇలాగే అర్థమయ్యేవి.) ఎందుకంటే నేను మామూలు ఆటగాణ్ణి కాదు. కాలేజీ రోజుల్లో రాష్ట్ర స్థాయి పోటీలో ఆడాను. చదరంగంలో మనిషి బలానికి రేటింగని ఒక అంకె వేస్తారు, నాది పదహారు వందల యాభై. ఆ అంకె నా సెల్‌ఫోన్ నంబరు కంటే ఎక్కువ మందికి తెలుసు, నేనే చెప్పేవాణ్ణి గనక. చీటీ వెనక్కి తిప్పి రాశాను: "సిస్టర్, బాగానే చూశారు. ఒక ఆట వేద్దామా? రోజుకొక ఎత్తు, చీటీ మీద. నా రేటింగ్ 1650. మీది?" మర్నాడు జవాబు: "నా ఫోన్లో యాప్ 1080 అంటోందండి. మీ అంతటివారితో ఆడటం నా భాగ్యం. తెల్ల పావులు నన్ను తీసుకోమన్నారా? థాంక్సండి. రాజు ముందు బంటు రెండు గళ్లు."

తెల్ల పావులు తీసుకోమని నేను అన్లేదు. కానీ ఐదొందల డెబ్భై తేడా ఉన్నప్పుడు తెలుపైతే ఏంటి, నలుపైతే ఏంటని ఊరుకున్నాను. అలా మొదలైంది ఆట. పొద్దున్న నేనొక ఎత్తు, సాయంత్రం ఆవిడొక ఎత్తు. చీటీల వల్లే తెలిసింది, ఆవిడది కోనసీమ, ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఏడింటికి డ్యూటీ ఎక్కి రెండింటికి దిగి, మెట్రోలో గంటన్నర ప్రయాణం చేసి వచ్చి మన సీట్లో కూర్చుని సివిల్స్ చదువుతుంది. డ్యూటీ మారిన వారం రాదు, ఆ వారం ఆట కూడా సెలవే. నేను ప్రతి చీటీ కింద సంతకం పెట్టి, దాని కింద బ్రాకెట్లో 1650 అని వేసేవాణ్ణి. ఆవిడ మాత్రం నా బంటును తింటే "ఏమనుకోకండి" అని, నేను ఆవిడ బంటును తింటే "పర్లేదండి" అని రాసేది. గోదావరి మర్యాద అది. మా గుంటూరు వైపు ఆటలో ఇంత మర్యాద చూపిస్తే అనుమానిస్తాం. నాకెందుకో ఆ తెలివి రాలేదు.

పన్నెండో ఎత్తు దగ్గర ఉండగా, చలి ఇంకా వదలని రోజుల్లో, లైబ్రరీ నడిపే భయ్యా నా దగ్గరికొచ్చి చెక్క పలక మీద టకటకమని కొట్టాడు. సోనీపత్ మనిషి. మంచివాడే, కానీ మంచి మాట కూడా పోట్లాటలాగే చెబుతాడు. "సునో ఆంధ్రా వాలే భయ్యా, హోలీ కే బాద్ సైంతీస్ నంబర్ ఫుల్ డే. హాఫ్ షిఫ్ట్ బంద్. తుమ్ దోనో మే సే కోయి ఏక్. ఆపస్ మే దేఖ్ లో." అంటే హోలీ తర్వాత ముప్ఫై ఏడు రోజంతా ఒక్కరికే, ఇద్దరిలో ఎవరో మీరే తేల్చుకోమని. మరి రెండోవాళ్లో? వేలు కిందికి చూపించాడు. బేస్‌మెంటులో మంచినీళ్ల కూలరు పక్కన ఒక సీటు ఖాళీ ఉంది. ఆ కూలరు దగ్గర నిలబడి గ్లాసు నీళ్లు తాగడానికి ఒక్కొక్కడు ఇరవై నిమిషాలు తీసుకుంటాడు, ఆ ఇరవై నిమిషాలూ దేశ విదేశాంగ విధానం నడిపిస్తాడు. అక్కడ కూర్చుని చదివి ప్రిలిమ్స్ గట్టెక్కినవాడు లేడని ప్రతీతి.

నేను వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను. హోలీ నుంచి పరీక్షకి మూడు నెలలు. పైగా సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు మా నాన్న మెల్లగా, ఏ కోపమూ లేకుండా, "ఇదే ఆఖరుసారి రా. తర్వాత ఏదో ఒక ఉద్యోగం చూసుకో" అని చెప్పేశాడు. ఆయన అరిచుంటే వాదించేవాణ్ణి, మెల్లగా చెప్పాడు కాబట్టి ఏడుపొచ్చింది. కాబట్టి ఆ సీటు నాకు కావాలి. ఆ సీటు ఉంటే పాసవుతాను, లేకపోతే లేదు, అంతే! ఆ లెక్కలో నాకు రవ్వంత కూడా అనుమానం లేదు. చీటీ రాశాను: "సిస్టర్, భయ్యా చెప్పింది విన్నారు కదా. ఇద్దరికీ సమ్మతమైతే ఈ ఆటలో గెలిచినవారికే సీటు." ఈ చీటీ నా రూమ్మేట్‌కి చూపించాను. అతన్ని మేమంతా ఎథిక్స్ అని పిలిచేవాళ్లం, ఆ పేపరు తప్ప ఇంకేదీ చదవడు గనక. చదివి కళ్లజోడు పైకి నెట్టి, "అరే, ఆవిడ వెయ్యీ ఎనభై, నువ్వు పదహారు వందల యాభై. ఇది పందెమా, దోపిడీనా?" అన్నాడు. "ఒప్పుకుంటేనే కదా" అన్నాను. "ఒప్పుకుంటుందని తెలిసే కదా అడుగుతున్నావు" అన్నాడు. వాడితో ఇదే బాధ.

ఆవిడ ఒప్పుకుంది. "అలాగేనండి బ్రదర్. నాక్కూడా సీటు అవసరమేనండి. జీతం లేకుండా మూడు నెలలు సెలవు పెడదామని మా మేట్రన్ గారిని అడిగాను, ఇస్తే పొద్దుటి నుంచీ చదువుకోవచ్చు. ఇది నాకు రెండో అటెంప్టు. ప్రార్థన చేసుకుని ఆడతాను." ఇది చదివినప్పుడు నాకు పాపం అనిపించింది. రెండు నిమిషాల పాటు నిజంగానే అనిపించింది. తర్వాత పెన్ను తీసి పదమూడో ఎత్తు వేశాను.

ఇక అక్కణ్ణుంచి ఆటని నేను సివిల్స్ లాగా చదవడం మొదలెట్టాను. ఒక ఫైలు పెట్టాను. ఆకుపచ్చ పెన్నుతో ఆవిడ ఎత్తులు, ఎర్ర పెన్నుతో నావి, నీలం పెన్నుతో 'ముందుకు దారి'. రోజుకి మూడు గంటలు దానికే. ఆర్థిక సర్వే అలాగే అట్ట విప్పకుండా పడి ఉంది. చదువుకునే సీటు కోసం చదువు మానేశానని ఎథిక్స్ గుర్తు చేస్తే, పెద్ద లక్ష్యం కోసం చిన్న త్యాగమని చెప్పాను. ఇరవై ఏడో ఎత్తుకి ఆవిడ తన ఏనుగునొకదాన్ని ఆ మూల దిక్కులేకుండా వదిలేసింది. నా మంత్రి వెళ్లి దాన్ని తినేసింది. ఏనుగు పోయాక ఎవరైనా లేస్తారా? ఆ రోజు చీటీలో కాస్త ఓదార్పుగా కూడా రాశాను: "డ్యూటీ అలసటలో ఇలాంటివి జరుగుతుంటాయి సిస్టర్." జవాబు వచ్చింది: "అవునండి, ఈ మధ్య వార్డు బాగా నిండిపోయింది. మంత్రితో చెక్."

ఫర్వాలేదు, రాజును మూలకి జరిపాను. మర్నాడు గుర్రంతో చెక్. పక్కకి జరిపాను. ఆ మర్నాడు మళ్లీ గుర్రంతో చెక్, ఈసారి మంత్రి కూడా వెనక నుంచి చెక్. మళ్లీ మూలకి. ఇప్పుడు ఆవిడ ఏం వేస్తుంది? ఇక్కడే నా చదువంతా ఉపయోగించాను. ప్రిలిమ్స్‌లో నాలుగు జవాబులిచ్చి ఒకటి పెట్టమంటారు. మాకు కోచింగ్‌లో నేర్పిన మొదటి విద్య, జవాబు తెలియకపోయినా తప్పులు కొట్టేసుకుంటూ రావడం. అందులోనూ బంగారం లాంటి సూత్రం ఏమిటంటే, మరీ విపరీతంగా ఉన్న వాక్యం తప్పే అయి ఉంటుంది, చదవకుండానే కొట్టెయ్యి. సరే, రాసుకున్నాను. ఏ: గుర్రం మళ్లీ వెనక్కొచ్చి అదే చెక్ ఇస్తుంది, అలా ఇచ్చుకుంటూ పోతే ఆట డ్రా. బి: గుర్రాన్ని నా బంటు తినేలా ఉంది, కాబట్టి గుర్రాన్ని కాపాడుకుంటుంది. సి: మంత్రిని వెనక్కి లాక్కుంటుంది. డి: మంత్రిని తీసుకొచ్చి సరిగ్గా నా రాజు పక్కన, నా ఏనుగు నోటి ముందు పెడుతుంది. డి మరీ విపరీతం! కొట్టేశాను. ఆ ఎర్ర గీత ఎంత హుందాగా కొట్టానో ఇప్పటికీ గుర్తే.

మర్నాటి చీటీలో డి ఉంది.

నాకు జాలేసింది. నిజం చెబుతున్నాను, భయం వెయ్యలేదు, జాలేసింది. పాపం ఏడు గంటలు డ్యూటీ చేసి, గంటన్నర మెట్రోలో నిలబడి వచ్చి గడి తప్పు రాసుకుంది. ఎంత పందెమైనా మనం మనుషులం కదా అనుకుని రాశాను: "సిస్టర్, పొరపాటున రాసినట్టున్నారు. మంత్రి పోతుంది. కావాలంటే ఎత్తు మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. (1650)." దానికి వచ్చిన జవాబు మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. "అయ్యో, ఎంత మంచోరండి మీరు! మార్చనండి, అలాగే ఉంచండి. మొహమాటపడకుండా తినండి బ్రదర్."

తిన్నాను. వేరే దారి కూడా లేదు, రాజుతో తిందామంటే ఆ గుర్రం కాపలా ఉంది, కాబట్టి ఏనుగే పక్క గడికొచ్చి తినాలి. మర్నాడు పొద్దున్న దీపం కింద చిన్న చీటీ. "గుర్రం ఎఫ్ ఏడు. ఆటకట్టండి. ఏమనుకోకండి." చదరంగం పలక మీద పావులు పెట్టి చూశాను. రాజు మూలన ఉన్నాడు. ముందర నా బంట్లు, పక్కన నా ఏనుగు. ఆవిడ గుర్రం ఒక్కటే దూరం నుంచి చూస్తోంది, కదలకుండా పట్టుకున్న వాళ్లంతా నా మనుషులే. ఇలాంటి ఆటకట్టు చదరంగం నేర్చుకునే చిన్నపిల్లల పుస్తకాల్లో ఉంటుంది. నాకు తెలియక కాదు, మా వీధి పిల్లలకి నేనే నేర్పాను! రూముకెళ్లి చెబితే ఎథిక్స్ పుస్తకం మూసి, చాలా శాంతంగా, "చూశావా, వ్యవస్థ పనిచేస్తోంది" అన్నాడు. వాడి మీద దిండు విసిరాను.

ఆ రోజు రెండు దాటినా నేను లేవలేదు. ఓడినవాడు సీటు దగ్గరుండి అప్పగించాలని ఒక వీరోచితమైన ఆలోచన. దానికి తోడు ఇంకో నీచమైన ఆలోచన కూడా ఉంది, ఆవిడ ఫోన్‌ని అడిగి ఆడుంటుందని. మూడున్నరకి వచ్చింది. నేను ఊహించుకున్న భయం భయంగా ఉండే అమ్మాయి కాదు. ముప్ఫై దాటిన మనిషి, తెల్ల బూట్లు, భుజాన రెండు సంచులు, నడకలో డ్యూటీ ఇంకా దిగలేదు.

"మీరేనా బ్రదర్? వందనాలండి. ఇంత చిన్నవాళ్లనుకోలేదు."

"సిస్టర్, ఒక్క మాట అడుగుతాను. కంప్యూటర్ని గానీ అడిగారా?"

ఆవిడకి కోపం రాలేదు. "ఆయ్, అడిగితే ఒక్కో ఎత్తుకీ అంతంత సేపు ఎందుకండీ నాకు? ఫోన్లో మూడేసి నిమిషాల ఆటలండి, డ్యూటీ మధ్యలో ఆడతాను, కంగారులో అన్నీ ఓడిపోతాను. అందుకే ఆ వెయ్యీ ఎనభై. ఇదేమో రోజుకి ఒక్క ఎత్తు. మెట్రోలో గంటన్నర ఆ ఒక్కదాన్నే చూసుకుంటా కూర్చునేదాన్ని. నాకు తొందర చేతకాదండి, నిదానమైతే పర్వాలేదు."

నేను సంచి సర్దుకుంటూ, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి, "సరే, సీటు మీదే. కంగ్రాట్స్" అన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని బూటు లేసు వదులు చేసుకుంటూ, "సీటు మీరే ఉంచుకోండి బ్రదర్. సెలవు ఇవ్వనన్నారండి మా మేట్రన్ గారు. ఆ మాట చెప్పి ఇరవై రోజులైంది. నేను సాయంత్రాలే వస్తాను, కింద సీటు చాలు" అంది.

ఇరవై రోజులు! ఆ ఇరవై రోజులు నేను నిద్రలో కూడా గళ్లు లెక్కపెట్టుకుంటున్నాను, అప్పటికే నాదైపోయిన సీటు కోసం. "మరి ఆట ఆపెయ్యొచ్చు కదా సిస్టర్? చెప్పొచ్చు కదా?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"చెబితే ఆపేసేవాళ్లం కదండీ. అప్పుడు మీరు గెలిచేవాణ్ణే అని అందరికీ చెప్పుకునేవారు." నవ్వలేదు, మందులిచ్చేటప్పుడు వేళలు చెప్పినట్టు చెప్పింది. సంచిలోంచి ముప్ఫై రెండు ఎత్తులూ నీటుగా రాసిన కాగితం తీసి, "ఇక్కడ సంతకం పెట్టండి. అంకె కూడా వెయ్యండి, మా హాస్టల్లో నమ్మరు" అంది. పెట్టాను. కింద కూలరు గోల భరించలేరని ఆఖరి ప్రయత్నంగా చెప్పాను. "నా వార్డులో ముప్ఫై మంచాలండి" అని మాత్రం అంది, పుస్తకం తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

అలా ఓడిపోయి కూడా నేను ఆ ఏడాది ముప్ఫై ఏడో సీట్లో రోజంతా కూర్చున్నాను. కిటికీ గాలి, చల్లటి ఏసీ, ఊడని ప్లగ్గు. మూడు నెలలు ఒక్కరూ కదిలించలేదు. చెప్పుకోవడానికి ఒక్క ఇబ్బందీ లేదు, దొంగ జ్వరం కూడా రాలేదు. ఫలితాలొచ్చాయి, నా నంబరు లేదు. ఆవిడది ఉంది. (మెయిన్స్‌లో ఆ ఏడు పోయిందట, ఆ పై ఏడు రాష్ట్ర సర్వీసులో పెద్ద ఉద్యోగమే వచ్చిందని మెసేజ్ పెట్టింది, కింద "ఏమనుకోకండి" అని.)

ఫలితాలొచ్చిన సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. "ఏమైందిరా ఈసారి?" అన్నాడు. మొదటిసారి తలుపు పక్కన కూర్చోబెట్టారని చెప్పాను. రెండోసారి పచ్చకామెర్లు. మూడోసారి పక్క సీటువాడు కాలు ఊపుతూ బల్ల కదిపేశాడని. ప్రతిసారీ ఆయన నమ్మాడు, ఆయనకంటే ముందు నేను నమ్మాను. ఈసారి కూడా ఏదో ఒకటి దొరుకుతుందని నోరు తెరిచాను, ఏమీ దొరకలేదు. "ఏం కాలేదు నాన్నా. అన్నీ బాగానే ఉన్నాయి. నాకే రాలేదు" అన్నాను. ఆయన, "ఇంటికి వస్తావా, అక్కడే ఏదైనా చూసుకుంటావా?" అని అడిగాడు. గురుగ్రామ్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచిందని చెప్పాను. ఆ ఉద్యోగమే ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతోంది, సీటు మాత్రం తలుపు పక్కనే. 'నాకే రాలేదు' అన్న ఆ ఒక్క మాట నాన్నతో చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆవిడ ముప్ఫై రెండు ఎత్తుల్లో చెప్పించేసింది. ఇప్పుడు తలుచుకుంటే అప్పుడు ఆ సీట్లో కూర్చున్న కుర్రాడి మీద కోపం రాదు, కాస్త నవ్వొస్తుంది. పాపం, వాడు నిజంగానే సీటుదే తప్పనుకున్నాడు.